బళ్ళారి రాఘవ: పద్యానికి లొంగని నటుడు

మా తాత గుత్తిలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. జీతం తక్కువ, నాటకాల పిచ్చి ఎక్కువ. నా చిన్నతనంలో, 1960 దాటిన తర్వాత, సాయంత్రాలు పడక్కుర్చీలో కూర్చుని తాను చూసిన నటులందరినీ వరసగా తలుచుకునేవాడు. ఒక్కొక్కరిని తలుచుకున్నప్పుడు ఒక్కొక్క పద్యం అందుకునేవాడు. గొంతు పోయింది, రాగం మాత్రం పోలేదు. ఆ పద్యాలు వినీవినీ నాకు సగం కంఠతా వచ్చాయి. రాఘవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పద్యం పాడేవాడు కాదు. కుర్చీలోంచి లేచేవాడు. గోడవైపు తిరిగి నిలబడి, కొంతసేపు ఆగి, నిదానంగా తల ఇటు తిప్పి నా వంక చూసేవాడు. "అదిరా రాఘవంటే" అని మళ్ళీ కూర్చునేవాడు. నాకేమీ బోధపడేది కాదు. ముసలాయన మెడనొప్పితో అవస్థ పడుతున్నాడనుకునేవాణ్ణి.

నాటకరంగ చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చిన తర్వాత ఆ తల తిప్పడం నాకు తరచు గుర్తుకొచ్చింది. పద్యాన్ని ప్రేక్షకుడు తనవెంట ఇంటికి తీసుకుపోగలడు. పొలంలో పాడుకోగలడు, గ్రామఫోను ప్లేటు కొనుక్కొని మళ్ళీ మళ్ళీ వినగలడు. నటనను అట్లా తీసుకుపోలేడు. అందుకే ఆనాటి తెలుగు రంగస్థలం నుంచి మనకు గొంతులు మిగిలాయి, ముఖాలు మిగల్లేదు. పద్యం పాడినవాడి గొప్పతనాన్ని మనం ఇవాళ కూడా చెవితో పరీక్షించవచ్చు. రాఘవ గొప్పతనానికి సాక్ష్యం మా తాతవంటి వాళ్ళ మెడలలో ఉండేది. ఆ సాక్షులు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు.

సాక్షులు పోయినచోట పురాణం పుడుతుంది. రాఘవ మీద మనవాళ్ళు రాసినదాంట్లో ఎక్కువ భాగం పురాణమే. మన అభ్యుదయవాదులలో కూడా రెండు రకాల మాటలు విన్నాను. ఒకరంటారు: రాఘవ మనవాడు, 'రైతుబిడ్డ'లో రైతుగా నటించి జమీందార్లకు కోపం తెప్పించాడు. మరొకరంటారు: రాఘవ తెల్లవాళ్ళ ప్రభుత్వం తరపున కోర్టులో వాదించిన పబ్లిక్ ప్రాసిక్యూటరు, వాళ్ళిచ్చిన బిరుదు పుచ్చుకున్నవాడు, ఆయనతో మనకేం పని? ఈ రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకునే మార్గాలుగా నాకు కనబడతాయి. రాఘవ తెలుగు నటనను మార్చాడు. ఆ పని ఆయనే ఎందుకు చేయగలిగాడు, తక్కినవాళ్ళు ఎందుకు చేయలేకపోయారు అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు ఆయన ప్రతిభలో కొంతే ఉన్నది. మిగతాది ఆయన ప్లీడరీలో ఉన్నది.

తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టాడు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో బళ్ళారి జిల్లా నుంచి చీలింది. అదే 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలాడించాడు. ధార్వాడ కంపెనీ ఒకటి వచ్చి ఆడి వెళ్ళిపోతే, వాళ్ళు వదిలిన పాకలో తెలుగు నాటకం తెర లేపిందని చెప్పుకుంటారు. అంటే రాఘవా, ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనా ఒక్క ఈడువాళ్ళు.

తండ్రి నరసింహాచార్యులు బళ్ళారిలో తెలుగు పండితుడు. అందువల్ల రాఘవ పెరిగింది బళ్ళారిలో. ఈ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. బళ్ళారి అప్పట్లో మద్రాసు రాజధానిలోని జిల్లా కేంద్రం. కంటోన్మెంటు ఉన్న ఊరు, రైలు వచ్చిన ఊరు, పత్తి వ్యాపారం సాగే ఊరు. బజారులో తెలుగూ, కన్నడమూ, ఉర్దూ కలిసి వినబడేవి; కచేరీలలో ఇంగ్లీషు. కోస్తాలో నాటకాన్ని బడిపంతుళ్ళు మొదలుపెడితే, బళ్ళారిలో ప్లీడర్లు మొదలుపెట్టారు. రాఘవకు మేనమామ అయిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ప్లీడరు. ఆయనది సరసవినోదినీ సభ. కోలాచలం శ్రీనివాసరావు కూడా ప్లీడరే. ఆయనది సుమనోరమ సభ. ఒకాయన పురాణాలు పట్టుకున్నాడు, ఇంకొకాయన చరిత్ర పట్టుకున్నాడు. ఊరు రెండు పక్షాలైంది. ఒకే బార్ రూములో కూర్చునే పెద్దమనుషులు సాయంత్రానికి రెండు రంగస్థలాల మీద పోటీపడ్డారు. రాఘవ రెంటిలోనూ ఆడాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1905లో లా పూర్తిచేసి, బళ్ళారి తిరిగివచ్చి తాను కూడా ప్లీడరే అయ్యాడు.

తెలుగు నాటకంలో పాటలనూ, రాగాలు కట్టి పాడే పద్యాలనూ దండిగా ప్రవేశపెట్టిన ఘనత ధర్మవరం వారిదే. ధార్వాడ, పార్శీ కంపెనీల సంగీతం జనాన్ని ఎట్లా లాగుతున్నదో ఆయన చూశాడు. ఆయన 'విషాద సారంగధర' తెలుగులో మొదటి విషాదాంత నాటకమని పేరుపొందింది. పాత సంప్రదాయాన్ని కాదని విషాదాంతం రాయగల సాహసం ఆయనకున్నది. కాని జనం పట్టుకున్నది పద్యాన్ని. మామ తెరిచిన తలుపులోంచి వచ్చిన వరదకు జీవితమంతా ఎదురీదినవాడు మేనల్లుడు. ఇందులో మామ తప్పేమీ లేదు. ఆ తలుపు ఆయన తెరవకపోతే ఇంకొకరు తెరిచేవారు.

పద్యం ఎందుకంత బలపడిందో అర్థం చేసుకోవడానికి నటుడు ఏం తిని బతికాడో చూడాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు నాలుగు దశాబ్దాలలో తెలుగు నాటకం క్రమంగా కాంట్రాక్టు నాటకమైంది. ఒక కాంట్రాక్టరు ఈ ఊరి కృష్ణుణ్ణీ, ఆ ఊరి అర్జునుణ్ణీ, మరో ఊరి దుర్యోధనుణ్ణీ విడివిడిగా మాట్లాడుకొని, ఒకనాటి రాత్రికి ఒకచోట చేర్చి టిక్కెట్లు అమ్మేవాడు. ఆ నటులు కలిసి ఒక్కరోజైనా సాధన చేసి ఉండరు. అటువంటిచోట వాళ్ళను కలిపే వస్తువు ఏది? అందరికీ నోటికి వచ్చిన పద్యం, హార్మోనియం ఇచ్చే శ్రుతి. ఒకే రాత్రిలో కృష్ణుడు ఇద్దరు ముగ్గురుండేవారు: రాయబారానికి ఒక కృష్ణుడు, యుద్ధానికి ఇంకొక కృష్ణుడు. పాత్ర ముక్కలైనా ఎవరికీ పట్టేది కాదు, ఎందుకంటే వాళ్ళు డబ్బిచ్చింది పాత్రకు కాదు, గొంతుకు. వన్స్‌మోర్ ఎన్నిసార్లు వస్తే నటుడికి వచ్చే ఊరి కాంట్రాక్టులో అంత ధర. చచ్చిపడిన పాత్ర లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చచ్చేదని మనం నవ్వుతాం. నవ్వే ముందు, ఆ నటుడికి వేరే జీతం లేదని గుర్తుంచుకోవాలి. పద్యాన్ని తగ్గించుకోవడమంటే అతను తన కూలిని తానే కోసుకోవడం.

రాఘవకు ఆ బాధ లేదు. ఆయన బియ్యం కోర్టు నుంచి వచ్చాయి. నాటకం వల్ల ఆయన పొట్ట నిండనక్కరలేదు. కనుకనే ప్రేక్షకుడు వన్స్‌మోర్ అన్నప్పుడు వినిపించుకోకుండా ముందుకు పోగలిగాడు. ఈ మాట ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి అనటం లేదు. ఆ వెసులుబాటు ఉన్న ప్లీడర్లు అప్పట్లో వందలమంది. వాళ్ళలో చాలామంది అదే పద్యాన్ని, ఇంకా అధ్వాన్నంగా, సరదాకోసం పాడారు. రాఘవ ఒక్కడు ఆ వెసులుబాటును కళకోసం ఖర్చుపెట్టాడు. కాని వెసులుబాటు ఉన్నదన్నది నిజం. దాన్ని దాచిపెట్టి, పద్యం పాడి బతికిన పేదనటుణ్ణి "అభిరుచి లేనివాడు" అని తిట్టడం పెద్దమనుషుల విమర్శ.

ఇంతకూ ఆయన రంగస్థలం మీద చేసిందేమిటి? ఆయన పద్యాన్ని పూర్తిగా వెళ్ళగొట్టలేదు. పద్యంలోని అర్థాన్ని రాగం మింగకూడదన్నాడు. పద్యాన్ని మాటలాగా పలికాడు. మాటకూ మాటకూ మధ్య ఆగాడు. ఆగడమన్నది ఆనాటి తెలుగు నటుడికి తెలియని విద్య. నటుడు ఆగితే ప్రాంప్టరు అందించేవాడు, హార్మోనియం వాడు శ్రుతి పెంచేవాడు, జనం ఈలలు వేసేవారు. రాఘవ ఆగితే జనం కూడా ఆగేవారని చూసినవాళ్ళందరూ చెప్పారు. మా తాత తల తిప్పి చూపించింది ఆ ఆగడాన్నే.

ఈ విద్య ఆయనకు ఎక్కడ అబ్బింది? షేక్స్‌పియరు చదువు వల్ల అంటారు. నిజమే, షైలాకు, ఒథెల్లో వంటి పాత్రలు ఆయన ఇంగ్లీషులో వేశాడు. కాని ఒక్క చదువు చాలదు. నా ఊహ ఏమంటే, కోర్టు హాలు ఆయనకు రెండో బడి. అబద్ధమాడే సాక్షి ఎక్కడ చూస్తాడు, చేతులు ఏం చేస్తాడు, ప్రశ్న విని జవాబు చెప్పేలోపు ఎంతసేపు ఆగుతాడు, ఇవన్నీ రోజూ పదింటి నుంచి అయిదింటి దాకా చూసే ఉద్యోగం ప్లీడరుది. అక్కడ ఎవరూ పద్యం పాడరు. అయినా మనుషుల ప్రాణాలు, భూములు మాటలమీదనే పోతాయి, వస్తాయి. ఆ వచనం బలం తెలిసినవాడికి రంగస్థలం మీద రాగాలాపన ఎంత తేలికగా కనబడి ఉంటుందో ఊహించవచ్చు.

రాఘవ పేరు చెప్పగానే పెద్దలకు గుర్తొచ్చే పాత్రల్లో హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు ఉన్నారు. హిందీ 'దీనబంధు కబీర్' ఉన్నది. కాని అన్నిటికంటె ముందు చెప్పేది కోలాచలం వారి 'రామరాజు చరిత్ర'లో పఠాన్ రుస్తుం. విజయనగర పతనం కథ అది. 1565లో రామరాయల ఓటమి, తర్వాత హంపీ నాశనం. హంపీ శిథిలాలు బళ్ళారికి ఎంతో దూరంలో లేవు. ఆ రాళ్ళను చూస్తూ పెరిగిన ప్లీడర్లకు పోయిన వైభవం మీద బెంగ సహజం. ఆ బెంగ ఎటు దారితీస్తుందో మనకు ఇప్పుడు బాగా తెలుసు. చరిత్రను హిందువుల కన్నీటికథగా, తురకల దుర్మార్గంగా చెప్పే నాటకాలకు, సినిమాలకు ఈనాటికీ గిరాకీ తగ్గలేదు. అట్లాంటి కథలో అగ్రకులంలో పుట్టి పెరిగిన ఆచార్యులవారబ్బాయి పఠాను వేషం వేసుకోవడం, దాన్ని తన జీవితంలోకెల్లా గొప్ప పాత్రగా మలచడం, జనం రామరాజును మరిచి రుస్తుమును తలుచుకోవడం నాకు చాలా విలువైన సంగతిగా కనబడుతుంది. రాఘవ మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఆ పాత్ర వేశాడని నేననను. నటుడు పాత్రలోని మనిషిని వెతికాడు. మనిషి దొరికిన తర్వాత ద్వేషించడం ప్రేక్షకుడికి కష్టమైంది. రంగస్థలం చేయగల రాజకీయం చాలావరకు ఇంతే.

ఆయనమీద ఆనాడే ఒక ఫిర్యాదు ఉండేది. నాటకకర్త రాసిన మాటలు వదిలేసి రంగస్థలం మీద సొంతమాటలు కల్పించేవాడని, ఏ రాత్రి ఎటు తిరుగుతాడో తెలియక ఎదుటి నటుడు బిక్కమొహం వేసేవాడని. ఈ ఫిర్యాదును రాఘవ భక్తులు మెచ్చుకోలుగా చెబుతారు. నాకు మెచ్చుకోలుగా తోచదు. ఎదుటివాడు తికమకపడితే ఆ రాత్రికి ఒక గొప్ప నటుడు కనిపిస్తాడు, నాటకం కనిపించదు. కాంట్రాక్టు నాటకంలో గొంతు ఒంటరిగా వెలిగినట్లే రాఘవ నాటకంలో ముఖం ఒంటరిగా వెలిగింది. రెండుచోట్లా లోటు ఒకటే: సమష్టిగా సాధన చేసే దళం లేదు. సెలవురోజుల్లో కలుసుకునే పెద్దమనుషుల సభలు అటువంటి దళాన్ని తయారుచేయలేవు.

స్త్రీపాత్రలను స్త్రీలే వేయాలని ఆయన పట్టుబట్టాడు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. స్థానం నరసింహారావు ఆడవేషానికి ఆంధ్రదేశం ఊగిపోతున్న కాలమది. స్థానం వారి కళ అసామాన్యమైనదే. 1956లో పద్మశ్రీ ఊరికే రాలేదు. కాని రాఘవ కోరుకున్న వాస్తవికతకు ఆ కళ సరిపడదు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి చదువుకున్న కుటుంబాల స్త్రీలు ఆయన ప్రోత్సాహంతో ముఖానికి రంగు వేసుకున్నారు. ఈ సంగతి చెప్పేవాళ్ళు సాధారణంగా "తెలుగు రంగస్థలం మీదికి స్త్రీలను తెచ్చినవాడు రాఘవ" అని ముగిస్తారు. ఇక్కడ నాకు అభ్యంతరం ఉన్నది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన కుటుంబ నాటక సమాజాల్లో తల్లీ, కూతురూ, కోడలూ ఆడుతూనే ఉన్నారు. కళావంతుల స్త్రీలు అంతకుముందునుంచీ ఆడుతున్నారు, పాడుతున్నారు. వాళ్ళను మన చరిత్రకారులు లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే వాళ్ళు "కుటుంబ స్త్రీలు" కారు. సురభి వాళ్ళకు కుటుంబమున్నా అది రైలు పెట్టెల్లో, డేరాల్లో తిరిగే కుటుంబం. రాఘవ తెచ్చింది స్త్రీని కాదు, మధ్యతరగతి స్త్రీని. అది కూడా సాహసమే. ఆ స్త్రీలు ఎంతమంది నోళ్ళలో నానారో, ఇంటా బయటా ఎంత పడ్డారో మనం ఊహించగలం. సాహసంలో ఎక్కువ వాటా వాళ్ళది.

1930 ప్రాంతంలో పి. వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' నాటకాన్ని రాఘవ ఆడాడు. రాజమన్నారు మద్రాసు న్యాయవాది. 1948లో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. కిరీటాలూ గదలూ లేవు. ఇంట్లో భార్యాభర్తల మధ్య వచ్చే చిక్కు, వచనంలో మాటలు. పద్యానికి ఎదురీదిన ఇరవై ముప్పై ఏళ్ళకు రాఘవకు తన నటనకు తగిన నాటకం ఇప్పుడు దొరికింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. నటుడు ముందు వచ్చి నాటకకర్త వెనకబడడం మన సాహిత్యంలోని విషాదాలలో ఒకటి. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ఆడారు, 1909లో తిరగరాసి అచ్చువేశారు; కాని ఆ వచనం దారిని నాటకరంగం పట్టడానికి చాలా కాలం పట్టింది.

ఇక లండను సంగతి. 1920ల చివర రాఘవ యూరప్ వెళ్ళాడు, ఇంగ్లండులో బెర్నార్డ్ షాను కలిశాడు. షా ఆయన్ను ఆకాశానికెత్తాడని, లారెన్స్ ఒలీవియర్ సరసన రాఘవ నటించాడని మన వ్యాసాలన్నిటిలోనూ మొదటి పేజీలోనే ఉంటుంది. ఒలీవియర్ పుట్టింది 1907లో. రాఘవ వెళ్ళేనాటికి అతను ఇరవయ్యేళ్ళు నిండీ నిండని కుర్రవాడు, పేరు రావలసి ఉన్నవాడు. అప్పటికి పాతికేళ్ళుగా రంగం మీద ఉన్న రాఘవకు ఆ కుర్రవాడి పక్కన నిలబడడం గొప్పా, ఆ కుర్రవాడికి రాఘవ పక్కన నిలబడడం గొప్పా? మనవాళ్ళకు ఈ అనుమానం రాదు. సీమదొర సంతకం లేనిదే మన కళాకారుణ్ణి మనం నమ్మం. గుత్తి గుమాస్తా మెచ్చుకోలు మనకు చాలదు.

సినిమా వచ్చింది. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరం వారి నాటకమే. సురభివాళ్ళు ఆడుతున్నదాన్ని హెచ్.ఎం. రెడ్డి తెరకెక్కించాడు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. రాఘవకు పేరు తెచ్చిన పాత్ర, మేనమామ నాటకం, కాని రాఘవ లేడు. నాటకరంగం తన దుర్గుణాలన్నిటితో సహా, ముఖ్యంగా పద్యంతో సహా, టాకీలోకి కాపురం వచ్చింది. 1936లో రాఘవ 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు వేశాడు. బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. అదే ఏడు అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' పోటీగా వచ్చింది; అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. జనం వస్త్రాపహరణం వైపు వెళ్ళారు. రాఘవ చిత్రం దెబ్బతిన్నది.

ఇక్కడొక విచిత్రం ఉన్నది. చూపుతో, ఆగడంతో నటించేవాడికి కెమెరా నిజానికి దేవుడిచ్చిన వరం కావాలి. దూరాన చాపమీద కూర్చున్న ప్రేక్షకుడికి అందని కనురెప్ప కదలికను కెమెరా దగ్గరకు తెచ్చి చూపగలదు. కాని 1936 నాటి తెలుగు కెమెరా అందుకు సిద్ధంగా లేదు. అది రంగస్థలానికి ఎదురుగా మొదటి వరసలో కదలకుండా కూర్చున్న ప్రేక్షకుడిలా ఉండేది. పాటకోసం ఆగేది, చూపుకోసం ఆగేది కాదు. తన నటనకు తగిన నాటకానికి యాభయ్యేళ్ళు ఎదురుచూసిన మనిషి తగిన కెమెరాకోసం ఎదురుచూసే వయసులో లేడు.

అయినా 1939లో ఒకటి వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశాడు, మరుసటి ఏడు 'రైతుబిడ్డ' తీశాడు. మాటలు త్రిపురనేని గోపీచంద్. కొసరాజు పాటల రచయితగా అడుగుపెట్టింది ఇందులోనే. టంగుటూరి సూర్యకుమారి, పి. సూరిబాబు ఉన్నారు, గిడుగు వెంకట సీతాపతి కూడా నటించాడు. రాఘవ వేసింది నర్సిరెడ్డి అనే చిన్నరైతు పాత్ర. షావుకారు దగ్గర అప్పుచేసినవాడు. ఎన్నికలొస్తాయి. షావుకారు పక్షానికి జమీందారు అండ ఉన్నది. నర్సిరెడ్డి రైతుల అభ్యర్థికి ఓటు వేస్తాడు, దానికి ఫలితం అనుభవిస్తాడు.

కథ ఎక్కడినుంచి ఊడిపడిందో చెప్పనక్కరలేదు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ కూలిపోయింది. బొబ్బిలి రాజాను వి.వి. గిరి ఓడించాడు. ఆ ఏడే ఆంధ్రలో రైతురక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి నడిచింది. ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఊరూరా సాక్ష్యాలు తీసుకున్నది. నిన్నటిదాకా దివాణం గుమ్మంలో చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ రైతు కమిటీ ముందు కూర్చుని శిస్తుల లెక్క చెప్పాడు. 'రైతుబిడ్డ' ఆ వేడిమీద వచ్చింది. వెంకటగిరి, బొబ్బిలి జమీందార్లు మండిపడ్డారు, నోటీసులిచ్చారు. కొన్నిచోట్ల ప్రదర్శన నిలిచిపోయింది. ఇంతకూ ఈ చిత్రం తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టినవాడు చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్, ఆయన కూడా జమీందారే! ఏడేళ్ళు తిరక్కుండానే ఆ చల్లపల్లి ఎస్టేటు భూములకోసం కమ్యూనిస్టుల నాయకత్వాన కృష్ణాజిల్లా కూలీలు పోరాడవలసివచ్చింది. రాజావారు తెరమీది రైతుకు డబ్బిచ్చాడు, పొలంలోని రైతుకు భూమి ఇవ్వలేదు. ఒక జమీందారు డబ్బుతో, ఒక ప్రభుత్వ ప్లీడరు ముఖంతో జమీందారీ వ్యతిరేక చిత్రం తయారైంది. ఇది చూసి కొందరు చిత్రం విలువే లేదంటారు. చిత్రం విలువ తెలుసుకోవడానికి వెంకటగిరి వారి నోటీసు చాలు.

ఈ చిత్రంలో నర్సిరెడ్డిని చూపిస్తే మా విద్యార్థుల్లో ఒకడు, "ఇందులో పెద్ద నటన ఏముంది సార్, మామూలుగా ఉన్నాడుగదా" అన్నాడు. నేను సంతోషించాను, ఆ సంతోషానికి కారణం వాడికి చెప్పడానికి గంట పట్టింది. పక్కనున్న పాత్రలు పాటలందుకుంటున్నప్పుడు యాభైతొమ్మిదేళ్ళ ప్లీడరు మామూలుగా ఉండడం ఎంత కష్టమో వాడికి తెలియాలంటే ఆ పద్యాలన్నీ ముందు వినిపించాలి. కోర్టులో ఆయన ఎన్నోసార్లు ప్రభుత్వం వైపు నిలబడి ఉంటాడు. బోనులో నిలబడ్డ రైతులు ఎదురుగా ఉండి ఉంటారు. వాళ్ళ భుజాలు ఎట్లా వంగుతాయో, అధికారి ప్రశ్నకు ముందు వాళ్ళ చూపు ఎటు పోతుందో ఆయన ఎదుటిపక్షం నుంచి చూశాడు. చూసినదాన్ని తిరిగి ఇచ్చాడు. దీన్ని పశ్చాత్తాపమంటే ఎక్కువ చెప్పినట్లు, ఒట్టి నైపుణ్యమంటే తక్కువ చెప్పినట్లు. మధ్యలో మాట నాకు దొరకలేదు.

1940లో 'చండిక'లో కనిపించాడు. దానిగురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. 1946 ఏప్రిల్ 16న రాఘవ చనిపోయాడు. అదే ఏడు అక్టోబరులో గూడవల్లి రామబ్రహ్మం కూడా పోయాడు, ఇంకా నలభై అయిదేళ్ళు నిండకుండానే. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది; ఇద్దరూ చూడలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి పట్టణం మైసూరులో కలిసింది. ధర్మవరం, కోలాచలం, రాఘవ తెలుగు నాటకం నడిపిన ఊరు పరాయి రాష్ట్రంలో పడిందని మనవాళ్ళు బాధపడ్డారు. కన్నడంలోనూ ఆడిన రాఘవకు ఆ ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా పరాయిది అయ్యేదనుకోను.

ఆయన పోయిన మరుసటి ఏడు, 1947లో, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' వచ్చింది. గరికపాటి రాజారావు నాయకత్వంలో ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా తీసుకువెళ్ళింది. డాక్టరీ చదివిన రాజారావుకు కూడా నాటకం కూడు పెట్టే వృత్తి కాదు. కాని ఆయన వెంట ఉన్నది బార్ రూము కాదు, దళాలు. కలిసి తిని, కలిసి సాధన చేసి, ఒకే నాటకాన్ని ఒకేసారి ఎన్నో చోట్ల ఆడగలిగిన దళాలు. పద్యం లేకుండా, కాంట్రాక్టరు లేకుండా, వచనంలో, రైతు మాటల్లో ఆడారు. మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. దళాలవాళ్ళు చాలామంది జైళ్ళపాలయ్యారు, అజ్ఞాతంలోకి వెళ్ళారు.

చాలా ఏళ్ళ క్రితం కృష్ణాజిల్లా పల్లెల్లో ఆ నాటకం చూసిన వృద్ధులను కలుసుకునే అవకాశం నాకు వచ్చింది. ఒక ఊళ్ళో రచ్చబండ దగ్గర నలుగురైదుగురు చేరారు. కథ చెప్పారు, ఎక్కడ డప్పు మోగిందో చెప్పారు, ఏ మాట దగ్గర జనం లేచి నిలబడ్డారో చెప్పారు. పోలీసులొస్తే దీపాలార్పి ఎటు పారిపోయారో కూడా వేలుపెట్టి చూపించారు. రైతు వేషం వేసింది ఎవరండీ అని అడిగాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పేరు ఎవరికీ గుర్తులేదు. చివరికి ఒకాయన కొంచెం చిరాకు పడుతూ, "ఎవరేవిటండీ, రైతే" అన్నాడు.